గేటు దగ్గర ఒకటి

"ఆ బైనాక్యులర్స్ ఇటివ్వమ్మా" అన్నాడు కానిస్టేబుల్ హనుమయ్య.

గౌసియా మెడలోంచి తీసి ఇచ్చింది. పార్కులో నడకకొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఆగి చూస్తున్నారు. పార్కు కంచెకి అవతల ఊరికి మంచినీళ్ళు తోడే పంపుహౌసు ఉంది. హైదరాబాదులో బాంబులు పేలి నెల కాలేదు. అప్పట్నుంచీ దాని గేటుకి రాత్రి నుంచి పొద్దున ఏడింటిదాకా హనుమయ్య కాపలా.

పేరడిగాడు. చెప్పింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది.

చేతిసంచిలో నోటుపుస్తకం దొరికింది. పేజీలు తిప్పి, అందరికీ వినబడేలా చదివాడు.

"సోమవారం, గేటు దగ్గర ఒకటి. వచ్చింది 5-50, వెళ్ళింది 6-20. మంగళవారం, గేటు దగ్గర ఒకటి..."

"పిట్టలండీ" అంది గౌసియా.

"పిట్టలకి టైమెందుకమ్మా?"

ఎవరో నవ్వారు. పిట్టల్ని చూసేవాళ్ళు ఎక్కడ, ఎన్ని, ఎంతసేపు అని రాసుకుంటారని చెప్పబోయింది. చెబితే అనుమానం ఇంకా పెరుగుతుందేమోనని ఊరుకుంది.

అంతలో ఎస్సై జీపు వచ్చి ఆగింది. అందులో ఎక్కిస్తే పటమటలో తన వీధికి తెలియడానికి గంట పట్టదు. ఎందుకు వదిలేశారో ఎవరూ అడగరు. ఎక్కించుకుపోయారన్న మాటే మిగులుతుంది. భర్త తారిక్ ఆఫీసులో తలెత్తుకోలేడు. చెమటకి చున్నీ మెడకి అంటుకుపోయింది.

హనుమయ్య చెప్పిందంతా విని ఎస్సై పుస్తకం తీసుకున్నాడు. మొదటి పేజీనుంచి తాపీగా చదివాడు. ఆ నిదానం ఆమెను ఇంకా భయపెట్టింది.

"ఒకటి అంటే ఏంటండీ?"

"లకుముకిపిట్ట సార్."

"గేటు దగ్గరంటే ఎక్కడ?"

"అక్కడున్న స్టూలు మీద సార్. దానిమీంచి గేటు పక్క కాలవలో చేపల్ని చూసుకుంటుంది. మనిషి అలికిడైతే చాలు, ఎగిరిపోతుంది."

"రోజూ వస్తుందా?"

"పన్నెండు రోజులుగా ఒక్కరోజూ తప్పలేదు సార్."

ఎస్సై పుస్తకం మూశాడు. గౌసియా కంచె పట్టుకుంది. కానీ అతను ఆమెవైపు చూడలేదు.

"హనుమయ్యా, పన్నెండు రోజులుగా పొద్దున్నే అరగంటసేపు నీ స్టూలు మీద పిట్ట కూర్చుంటుంటే, నువ్వెక్కడ కూర్చుంటున్నావు?"