బతికున్న మనిషి కావాలి

"ఆ శ్లాబు కింద నేను దూరాలా? ఒక కుక్క కోసమా?" వంటమాస్టర్ గరిటెతోనే శిథిలాల వైపు చూపించాడు.

"అరగంట పడుకుంటే చాలు మాస్టారూ," అన్నాడు సహాయక దళం లీడర్. "భూకంపం వచ్చి తొమ్మిది రోజులైంది. అది పసిగట్టినవన్నీ శవాలే. పాపం, దిగాలుపడిపోయింది. బతికున్న మనిషి ఒక్కడు దొరికితే మళ్ళీ హుషారొస్తుంది. లేదంటే రేపు దాన్నీ, దాన్ని నడిపించే హ్యాండ్లర్‌నీ ఇద్దర్నీ ఇంటికి పంపెయ్యాలి. ఇలా పంపితే మళ్ళీ ఈ పనిలోకి రాలేరు."

"ఇద్దర్నీ ఎందుకు? హ్యాండ్లర్‌కేమైంది? నిక్షేపంలా ఉన్నాడుగా!"

"నిన్న మా మనసులెలా ఉన్నాయో చూసే కౌన్సెలర్ గారొస్తే అతనూ అదే అన్నాడు. తనకేం లేదట, కుక్కని చూడమన్నాడు."

"మరి! పళ్ళెం గుడారంలోకి పట్టుకెళ్తాడా, నాకినట్టు తిరిగొస్తుంది. కడగక్కర్లేదు. ఈ క్యాంపులో నా చేతివంట విలువ తెలిసినవాడు అతనొక్కడే."

లీడర్ శ్లాబు కింద దూరే చోటు చూపించాడు.

మాస్టర్ గొణుక్కుంటూనే దూరాడు. లోపలంతా దుమ్ము. కాసేపటికి మొరుగు వినిపించింది. గోళ్ళు రాళ్ళను గీరాయి. మరుక్షణం కుక్క అతని గుండెల మీదికి ఉరికింది.

"అమ్మో! బస్తా పడ్డట్టుంది. దిగాలుపడ్డ కుక్క ఇంత బరువుంటుందా?"

వెనకే హ్యాండ్లర్ చెయ్యి లోపలికొచ్చింది. ఇదంతా ఉత్తుత్తి ఆటేనని అతనికీ తెలుసు. అయినా మాస్టర్ మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. ఇక వదల్లేదు.

"వెచ్చగా ఉంది బాబాయ్."

"పొయ్యి దగ్గర్నుంచి వచ్చాను. వెచ్చగా ఉండక చల్లగా ఉంటుందా?"

హ్యాండ్లర్ నవ్వబోయి భోరుమన్నాడు. మాస్టర్‌కి జాలేసింది. ఏం చెయ్యాలో తోచక, పడుకున్నచోటు నుంచే అతని చెయ్యి నిమిరాడు.

"ఊరుకో నాయనా. నీ కుక్కకేం కాదులే."

ఆ మధ్యాహ్నం హ్యాండ్లర్ మొదటిసారి అందరితోపాటు బల్ల దగ్గర కూర్చున్నాడు. కుక్క బయట ఎండలో పడుకుని నిద్రపోయింది.

పళ్ళేలు తిరిగొచ్చాక మాస్టర్ మొహం మాడిపోయింది. హ్యాండ్లర్ పళ్ళెం అంచున ఏరిపారేసిన మిరపకాయ ముక్కలు, మధ్యలో నాలుగు మెతుకులు, చుట్టూ కూర మరకలు. తిన్నగా లీడర్ దగ్గరికి పట్టుకెళ్ళాడు.

"చూడండి సార్! కుక్కకి హుషారొచ్చింది, ఈయనకి నోరు చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ మెతుకు మిగల్చకుండా తిన్నవాడు ఇవాళ ఎలా చేశాడో!"

లీడర్ ఆ పళ్ళేన్ని చాలాసేపు చూశాడు. హమ్మయ్య అనుకున్నాడు.

"ఇన్నాళ్ళూ తిన్నది కుక్క, మాస్టారూ."