లోపలి కుట్టు

"నల్లదారం రీలు ఎక్కడ పెట్టావే?" సూదుల డబ్బా మంచం మీద బోర్లించి అడిగాడు దర్జీ. ఒళ్ళో పుల్ల ఊడిన గొడుగు ఉంది.

"అయిపోయింది," అంది భార్య, ఉప్పుగాలికి ఎంతకీ ఆరని తువ్వాళ్ళను బాల్కనీలో తిరగేసి వేస్తూ.

"నిండు రీలు తెచ్చాను. ఉప్పా, పప్పా, అయిపోవడానికి?"

"జాకెట్లు వదులైతే బిగించుకున్నాను. మనిషి చిక్కితే బట్ట చిక్కుతుందా?"

"ఆకుపచ్చ జాకెట్టుకి నల్లదారమా! దర్జీ పెళ్ళానివి, నలుగురూ నవ్వుతారే."

"లోపలి కుట్టు ఎవరు చూస్తారండీ?"

"దర్జీ చూస్తాడు. ముందు చూసేదే అది."

ఆమె విసురుగా తువ్వాలు దులిపింది. అప్పుడే ఊడ్చిన గచ్చు మీద ఇసుక జలజలా రాలింది. దాంతో గొడవ దారం మీంచి ఇసుక మీదికి మళ్ళింది.

వాళ్ళు ఈ సముద్రపు ఊరికి వచ్చి పది వారాలు. ఇద్దరికీ పరీక్షలన్నీ చేయించిన రోజు, డాక్టరు తల్లీకూతుళ్ళను లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చిన కూతురు, బల్ల మీద కూర్చున్న తండ్రి చేయి పట్టుకుంది.

"అమ్మ ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నాయట నాన్నా. మూడు నాలుగు నెలలు సముద్రపు గాలి తగలాలట. నువ్వు తోడుండాలి."

ఒళ్ళు కాలిపోయే జ్వరంలోనూ మిషను దిగని మనిషి, మారుమాట లేకుండా కొట్టుకి తాళం వేశాడు.

మేడ మీద రెండు గదులు. పద్దెనిమిది మెట్లు. ఆరో మెట్టు దగ్గరొకసారి, పన్నెండో మెట్టు దగ్గరొకసారి ఆమె ఆయాసమంటూ కూలబడేది. "మీరూ కూర్చోండి, నిలబడితే నాకు కంగారు," అని అతని చొక్కా పట్టి లాగేది. పొద్దున్నే పడవలు ఒడ్డుకి చేరే వేళకు ఇసుకలో నడవడానికి వెళ్ళినా అదే వరస. నాలుగడుగులు వేస్తే చాలు, బోర్లించిన పడవ ఏదో ఒకటి చూసుకుని కూర్చునేది. పక్కన అతనూ కూర్చునేవాడు.

మందులకు రెండు డబ్బాలు. ఎర్రది ఆమెది, నీలంది అతనిది.

"నాకెందుకే ఇన్ని?"

"బలానికండీ. రోగికి తోడుండేవాళ్ళకి ఇంకా ఎక్కువ బలం కావాలట." అతను మింగేదాకా ఆమె అక్కణ్ణించి కదిలేది కాదు.

ఆమె దగ్గితే చాలు, అతను లేచి వెళ్ళి నీళ్ళు వెచ్చబెట్టి తెచ్చి, తాగేదాకా గ్లాసు తనే పట్టుకునేవాడు.

ఒడ్డున అందరూ నిక్కర్లతో తిరుగుతుంటే, అతను మాత్రం ఇస్త్రీ చేసిన ప్యాంటుతో వెళ్ళేవాడు. కొబ్బరిబొండాలవాడికి అదో వేళాకోళం.

"ఏం పెద్దాయనా, ఆఫీసుకా? బెల్టు మర్చిపోయినట్టున్నావ్!"

"కొలత తెలిసిన దర్జీకి బెల్టెందుకయ్యా? ఇది కుట్టుకుని పదేళ్ళు. ఇవాళ్టికీ నడుముకి ఎలా అతుక్కుందో చూడు!" అని భార్య వైపు తిరిగి, "ఏమే, అవునా కాదా?" అన్నాడొకరోజు.

"అవును, నిన్న కుట్టినట్టే ఉంది," అందామె. అని సముద్రం వైపు తిరిగి, కంట్లో ఇసుక పడిందని చాలాసేపు కొంగుతో ఒత్తుకుంది. అతను బొండం ఎత్తి తాగాడు, నీళ్ళు అయిపోయాక కూడా.

మొన్న గురువారం ఉన్నట్టుండి వాన దిగింది. డాబా మీద బట్టలున్నాయని ఆమె రెండేసి మెట్లు దాటుతూ పరిగెత్తింది. బట్టలన్నీ వాటేసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురుగా దర్జీ నిలబడి ఉన్నాడు. ఆమెకు అప్పుడు దగ్గొచ్చింది.

"లేడిపిల్లలా ఎక్కావు కదే! నీకు నయమైపోయింది. ఇక ఇంటికి పోదాం."

"ఒకరోజు బాగుంటే నయమైనట్టా? ఇంకో రెండు నెలలైనా ఉండాలి."

"అక్కడ నా మిషను తుప్పు పట్టిపోతోందే."

"మీకు నేను కావాలా, మిషను కావాలా?"

అతను ఆమె చేతుల్లోంచి తడిబట్టలు తీసుకుని, తన ప్యాంటు ఒకటి విడిగా పట్టుకుని, తిప్పి చూసి, గదిలో తాడు మీద ఆరేశాడు.

ఆదివారం కూతురూ అల్లుడూ వచ్చారు. నలుగురూ చాప మీద భోజనానికి కూర్చున్నారు. భర్త కంచంలో ఆమె ఇంకో గరిటె అన్నం వేయబోయింది. అతను చేయి అడ్డం పెట్టాడు.

"ఇంటావిడతో మాట్లాడాను నాన్నా," అంది కూతురు. "వానలు తగ్గేదాకా ఉండమంది. అమ్మకి కూడా ఈ గాలి పడినట్టుంది."

"వద్దమ్మా. బుధవారం ఇంటికి పోతున్నాం."

"అదేంటండీ! డాక్టరేమన్నాడు? నా ఊపిరితిత్తులు..." ఆమె దగ్గబోయింది.

"నీళ్ళు తాగు," అంటూ అతను ఎడంచేత్తో గ్లాసు ఆమె ముందుకి జరిపాడు. "నాలుగు రోజులైనా నా మిషను చప్పుడు వినాలనుందే."

"మామయ్యా, అత్తయ్య ఆరోగ్యం సంగతి కూడా..." అల్లుడు మధ్యలోనే ఆగిపోయాడు. కూతురు తలెత్తలేదు. కంచంలో ఆమె చేయి కలిపిన ముద్ద దగ్గరే ఉండిపోయింది.

దర్జీ భార్య మొహంలోకి చూసి నవ్వాడు.

"నా ప్యాంట్ల నడుము మూడుసార్లు బిగించావు, ఒక్క కుట్టూ తిన్నగా పడలేదే."