పురసభ ఆయప్ప

బాగేపల్లి ఊరి చివర కొత్త లేఔట్‌లో, సుజాతమ్మ గేటు ముందర మోరీ పొంగి మురికినీళ్ళు నిలిచాయి.

ఆమె బయటికి వచ్చేసరికి ఒక పెద్దాయన పారతో మోరీలోని ప్లాస్టిక్ కవర్లు తోడిపోస్తున్నాడు.

మునిసిపాలిటీ మనిషే, పురసభ వాళ్ళకు ఇప్పటికి తీరిక దొరికిందన్నమాట అనుకుంది సుజాతమ్మ.

“ఇన్ని దినాలు యాడ పోయినావప్పా? మేమీడికి వొచ్చి నెలాయె. ఒక్కరూ తొంగి చూడకపోతే ఎట్ల?”

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు.

“ఇంకమీద నేను చూసుకుంటాలేమ్మా.”

ఆమె ఆయన నంబరు తీసుకుంది. పేరు అడగలేదు. ఫోనులో ‘పురసభ ఆయప్ప’ అని రాసుకుని, ఆ వీధిలోని పదకొండు ఇళ్ళకూ ఇచ్చింది.

అప్పటి నుంచి రోజూ ఉదయం ఏడు గంటలకల్లా ఆయన వచ్చేవాడు. వానొచ్చినా మానలేదు.

మోరీ తీసేవాడు. ఖాళీ సైటులో గుంత తవ్వి తడి చెత్త అందులో వేసేవాడు. ఒక ఇంట్లో సంపు మూత పగిలితే, పిల్లలు పడతారని చెప్పి ఎక్కడి నుంచో బండరాయి మోసుకొచ్చి కప్పాడు.

ఒక మధ్యాహ్నం అదే వీధిలోని అంబికకు పురిటినొప్పులు మొదలయ్యాయి. భర్త పనిమీద చిక్కబళ్ళాపురంలో ఉన్నాడు. ఆమెకు తోచిన నంబరు ఈయనదే. పది నిమిషాల్లో ఆటోతో వచ్చాడు. భర్త వచ్చేదాకా ఆస్పత్రి వరండాలోనే కూర్చున్నాడు.

పురసభ పనివాళ్ళు ఈ మధ్య బాగా చేస్తున్నారని వీధిలో అందరూ మెచ్చుకున్నారు.

ఎవరూ ఆయనను లోపలికి రమ్మనలేదు. సుజాతమ్మ అప్పుడప్పుడు కాగితపు కప్పులో కాఫీ పోసి గేటు పక్క అరుగుమీద పెట్టేది.

ఒకసారి ఆయన రెండు రోజులు రాలేదు. జ్వరమన్నాడు.

“జ్వరమొస్తే నీ బదులు ఇంకొకర్ని పంపల్ల గదప్పా?”

“ఇంకొకరు యాడుండారమ్మా,” అని నవ్వి పార అందుకున్నాడు.

ఆ తర్వాత వానాకాలంలో ఆయన రావడం పూర్తిగా ఆగిపోయింది.

పదకొండు రోజులు గడిచాయి. ఫోను చేస్తే ఎత్తలేదు. మోరీ మళ్ళీ నిండింది. దోమలకు పిల్లలు నిద్రపోవడం లేదు.

సుజాతమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆయన పని ఎగ్గొడుతున్నాడని అర్జీ రాసి, పదకొండు ఇళ్ళ సంతకాలు పెట్టించి, అంబికను వెంటబెట్టుకుని పురసభ ఆఫీసుకు వెళ్ళింది.

అక్కడి అధికారి అర్జీ రెండుసార్లు చదివాడు.

“మీ లేఔట్ వేసినోళ్ళు దాన్ని ఇంకా మాకు అప్పజెప్పలేదమ్మా. అదయ్యేదాకా మేము మనుషుల్ని వేసేదానికి రాదు. ఈయప్ప ఎవరో గానీ, మా మనిషి కాదు.”

ఇద్దరూ ఆటోలో తిరిగి వచ్చారు.

ఇంటి ముందు దిగాక సుజాతమ్మ అర్జీని మడిచి అంబిక చేతిలో పెట్టింది. రేపు ఏడింటికి ఇంటికొకరు పార తీసుకుని బయటికి రావాలని, ఎవరూ సాకులు చెప్పకూడదని అన్ని ఇళ్ళకూ తిరిగి చెప్పింది.

మరునాడు పదకొండు ఇళ్ళ నుంచీ వచ్చారు. ఆయన గంటలో చేసే పని వాళ్ళకు మూడు గంటలు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా ఎవరూ మధ్యలో వదలలేదు. ఏ రోజు ఏ ఇంటివాళ్ళు మోరీ చూడాలో అక్కడే నిలబడి తేల్చుకున్నారు.

చేతులు కడుక్కుని సుజాతమ్మ మళ్ళీ ఆయనకు ఫోను చేసింది. ఇకమీద ఈ పని మేము చేస్తాం, నువ్వు వచ్చి మా ఇంట్లో కూర్చుని కాఫీ తాగాలని చెప్పాలనుకుంది.

ఎత్తింది ఒక ఆడమనిషి.

“నరసింహప్ప ఫోనమ్మా. నేను ఆయన ఇంటామెను, యశోదమ్మను. ఆయన పోయి పన్నెండు దినాలాయె. మా ఊరు పాతపాళ్యలో కార్యాలు చేసి నిన్ననే వొచ్చినా.”

సుజాతమ్మ ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని, అంబికతో కలిసి మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి లేఔట్ అవతలి సందులోకి వెళ్ళింది.

చిన్న రేకుల ఇల్లు. యశోదమ్మ వాళ్ళను పెరట్లో చాప వేసి కూర్చోబెట్టింది.

ఆ రోజు పొద్దున్నే ఆయనకు గుండెలో నొప్పి వచ్చిందని, ఆటో దొరకడం ఆలస్యమైందని చెప్పింది.

“మీ అందరి నంబర్లూ ఆయన ఫోన్లో ఉండాయి. ఎవురికన్నా చేస్తానంటే వొద్దన్యాడు. అందరూ పనికి పొయ్యే టైము, పాపం అన్యాడు.”

అంబిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మరి పురసభ మనిషిని కాదని మాకెందుకు చెప్పలేదమ్మా?” అని అడిగింది సుజాతమ్మ.

“చెప్తే మొగమాటపడి పిలవరు, అట్లే అనుకోనీలే అన్యాడు.”

సుజాతమ్మ తలెత్తి చూస్తే, ఆ పెరటి గోడకు ఆనుకుని అవతల లేచిన మేడమీద నీళ్ళ ట్యాంకు కనబడింది. అది తన ఇంటిదే.