ఒక్కటే కేసు

జహీరాబాద్‌ల ఫ్యాక్టరీ గేటుకాడ వాచ్‌మన్ నౌకరి కోసం జునైద్ వచ్చి, లేబర్ కాంట్రాక్టర్ జగన్‌మోహన్ ముందల నిలవడ్డడు.

"నీ మీద కేసున్నదని పోలీస్ వెరిఫికేషన్ల తేలింది తమ్మీ. గసొంటోన్ని గేటుకాడ ఎట్ల వెట్టాలె?"

"చెరుకు రైతుల రాస్తారోకో కేసే గదన్నా! ముంబై హైవే మీద మమ్ముల లారీలకు అడ్డం కూసోవెట్టింది నువ్వే. అండ్ల ఏ-వన్ నువ్వు, ఏ-టూ నేను."

"గందుకే నేను నౌకరి అడుగుతలే. మున్సిపల్ ఎలక్షన్ల నిలవడుతున్న. గక్కడ కేసులుంటే ఎవ్వరేమనరు."

జునైద్‌కు మండింది.

"అయితే నాకు గూడ ఏదన్న వార్డు టికెట్ ఇప్పియ్యి."

జగన్‌మోహన్ పడి పడి నవ్విండు.

"ఒక్క కేసుకే టికెట్ ఎవడిస్తడు తమ్మీ? జర పెంచుకోని రా."