కర్రి అరుపు

"పంది ముక్కులో ఈ దూది పుల్ల పెడితే దాని గుట్టంతా తెలుస్తాదా, పాపా?" పంది చెవులు రెండూ ఒడిసిపట్టుకుని అడిగాడు కృష్ణయ్య.

"పందిది కాదు మామా, దాని ముక్కులో, గొంతులో కాపురముండే సూక్ష్మజీవిది," అంది నాగలత. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ వీధిలో పుట్టి, పందుల రోగాల మీద పరిశోధనకని పెద్దముడియం దాకా వచ్చిన పిల్ల. వాళ్ళమ్మ మాత్రం చుట్టాలందరికీ "డాక్టరు చదువుతాంది" అనే చెబుతుంది.

"అన్నాళ్ళూ ఊరకుండిన సూక్ష్మజీవి ఎండాకాలంలోనే నా పందిపిల్లల్ని ఎందుకు చంపినట్ల?"

"దాని లోపల జీన్లుంటాయి మామా, కరెంటు స్విచ్చుల మాదిరి. మామూలప్పుడు శానా వరకు ఆపే ఉంటాది. ఎండ, ఆకలి, ఏదన్నా తన ప్రాణం మీదికొస్తే, బతకడానికని కొన్ని వేసుకుంటాది. వాటితో పాటే చంపే స్విచ్చులూ ఆన్ అయిపోతాయి. ఏది వేస్తే ఏది ఆన్ అవుతాదో, అదే నేను వెదుకుతాండేది."

"అబ్బో! కంటికి కనపడనిదానికి ఇంత కతుందా! మనుషులకూ వస్తాదా?"

"అరుదు. గాయముంటే దాంట్లోంచి పోయి, మెదడు దాకా ఎక్కి జ్వరం తెస్తాది. బతికి బయటపడినా తల తిరగడం, చెవులు పోవడం ఉంటాది. చచ్చినవాటిని ఉత్త చేతుల్తో ముట్టుకోవాకండి."

"మేమంతా గట్టిపిండాలం లే," నవ్వాడు కృష్ణయ్య.

కాస్త దూరంలో అతని భార్య సంజీవమ్మ వీధికి వీపు పెట్టి తవుడు కలుపుతోంది.

"అత్తా, కొంచెం మంచినీళ్ళిస్తావా?"

ఉలుకూ పలుకూ లేదు.

కృష్ణయ్య మొహం చిన్నబోయింది. "ఏమనుకోవాకు పాపా. నా మీది కోపం నీ మీద చూపిస్తాంది. పిల్లలు పోయినాక వాటి తల్లిని, కర్రిని, పులివెందులకు అమ్మేసినా. మా సంజీవికి అదంటే ప్రాణం. కొడవలికి తెగిన చేత్తోనే చచ్చిన పిల్లల్ని ఎత్తి పూడ్చింది, నన్ను ముట్టనీలేదు. ఆ దిగులుకు జ్వరమొచ్చి పడిపోయింది. జమ్మలమడుగులో సూదులేయిస్తే లేచింది గానీ, ఆపొద్దు నుంచి నాతో మాటల్లేవు. ఎదురుగా నిలబడి బతిమాలితే నా మూతి వైపే చూస్తాది, కండ్లనీళ్ళు పెట్టుకుని లోపలికి పోతాది. నన్ను నాలుగు తిట్లు తిట్టినా బాగుండు పాపా. ఇల్లు ఇల్లు మాదిరి లేదు."

నాగలతకు జాలేసింది. "మరి ఏం చేద్దామని మామా?"

"కర్రిని మళ్ళా తెప్పిస్తాండా, ఈపొద్దే. తనకు చెప్పలే. వీధి చివర్న అది అరిచినా చేతిలో పని పారేసి ఉరికేది. నువ్వే సూడు, ఎట్ల పరిగెత్తుతాదో!"

మాటల్లోనే ఆటో వచ్చి సంజీవమ్మ వెనకే ఆగింది. తాళ్ళు విప్పకముందే కర్రి ఆమెను చూసి గొంతు చించుకుని అరిచింది. పక్కిండ్లవాళ్ళు బయటికొచ్చారు. నాగలత చెవులు మూసుకుంది. కృష్ణయ్య నవ్వుతూ భార్య వైపు చూశాడు.

సంజీవమ్మ తవుడు కలుపుతూనే ఉంది.