పరీక్షకు ఒక ఖాతా

సోషల్ మీడియా కంపెనీ చేతులు మారగానే కొత్త యజమాని ఆదేశం వచ్చింది. ఇకపై ఎవరూ ఎవరినీ బ్లాక్ చేయకూడదు, పాత బ్లాకులన్నీ రేపు తీసేయాలి.

ఏ మార్పునైనా ముందు ఒక ఖాతాపై పరీక్షించడం ఇంజనీరు అలవాటు. విడాకులిచ్చిన మొగుణ్ణి చెల్లెలు బ్లాక్ చేసిందని అతనికి తెలుసు. ఆమె ఖాతాలోనే ఆ బ్లాకు తీసి చూశాడు. పనిచేసింది. తిరిగి పెట్టడం మరిచాడు.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మీ కొత్త దొర పుణ్యమా అని ఆ శని మళ్ళీ తగులుకున్నాడు! మా వీధి చివరే ఉన్నానని మెసేజ్ పెట్టాడు."

"తలుపేసుకో, వస్తున్నా. అందరికీ తీసేశారమ్మా, నేనేం చేయను?"

లిఫ్టు దగ్గర మేనేజరు ఎదురయ్యాడు.

"జనం తిట్లకు దొరగారు దిగొచ్చారోయ్! రేపటి పని రద్దు. బతికిపోయాం, ఇంకా ఒక్కరికీ తీయలేదు."