ఆశీర్వాదం దాకా

రెంటచింతల కతోలిక గుడిలో ఆదివారం పూజ జరుగుతుండగానే బాలశౌరి ఛార్జరు పీకేశాడు.

వెనక తలుపు పక్కనున్న ప్లగ్గు అది. ఆ ఛార్జరు తాలూకు ఫోను చివరి వరసలో గోడకు ఆనుకొని కూర్చున్న ఒక ఆడమనిషి చేతిలో ఉంది.

బాలశౌరి గుడి పెద్దల్లో ఒకడు. మనసు మంచిదే, నోరే ఆయన మాట వినదు. ఒక చేతిలో జపమాల, ఇంకో చేతిలో ఫోను పట్టుకొని కూర్చునే కుర్రకారును చూసి చూసి విసిగిపోయాడు. పూజలో ఫోను తియ్యకూడదనీ, గుడి ప్లగ్గుల్లో ఛార్జింగు పెట్టకూడదనీ తలుపు మీద కాగితం అంటించింది ఆయనే.

ఈమె సరిగ్గా ఆ కాగితం పక్కనే కూర్చుంటోంది.

ఐదు వారాలుగా ఇదే వరస. మాచర్ల బస్సు దిగి వస్తుంది. ఎవరో ఏమో తెలియదు. గుడిలో ఆడవాళ్లందరిలాగే తల మీద కొంగు నిండుగా కప్పుకుంటుంది. పాట పాడదు, జపం చెప్పదు. ఫోను పీఠం వైపు తిప్పి ఎత్తి పట్టుకుంటుంది, అంతే.

అదంతా ఓర్చుకున్నాడు గానీ, ఆ రోజు ఫాదర్ చేతి సత్ప్రసాదపు అప్పం అందుకోడానికి గుడంతా లేచి వరస కట్టినా ఈమె కదల్లేదు. ఫోను దించలేదు. బాలశౌరికి ఒళ్లు మండిపోయింది.

ఆయన ఛార్జరు వైరు చేతికి చుట్టుకుంటుంటే ఆమె కంగారుగా లేచింది.

"పది నిమిషాలయ్యా. బ్యాటరీ పోయిన ఫోను, వైరు తీస్తే ఆరిపోద్ది. ఫాదర్ గారి ఆశీర్వాదం అయిందాకా ఉండనియ్యండి."

"సత్ప్రసాదం తీసుకోనిదానివి, నీకు ఆశీర్వాదంతో ఏం పనమ్మా?"

ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

అంతలోనే ఫోను ఆరిపోయింది. ఆమె కొంగు సర్దుకొని బయటికి నడిచింది. ఛార్జరు అడగలేదు.

అడిగితే ఇద్దామని బాలశౌరి దాన్ని గుడి అల్మరాలో పెట్టాడు. పూజయ్యాక ఇద్దరు ముగ్గురు మంచి పని చేశావన్నారు. ఆయనా అట్లాగే అనుకున్నాడు.

గురువారం మణెమ్మ పోయిందని మాచర్ల నుంచి కబురొచ్చింది.

ఊళ్లో సగం మందికి జపాలు నేర్పింది మణెమ్మే. ఆదివారం మధ్యాహ్నాలు గుడి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి జ్ఞానోపదేశం చెప్పేది. ఐదేళ్ల బాలశౌరి ఎడమ చెయ్యి లేపితే మెల్లగా దించి, కుడి చెయ్యి పట్టుకొని నుదుటికీ గుండెకూ భుజాలకూ ఆనించి మొదటి సిలువ గుర్తు వేయించింది ఆమే. రెండేళ్ల కిందట ఆమె మంచాన పడితే చెల్లెలి కూతురు లూర్దమ్మ మాచర్ల తీసుకుపోయింది. గంట కూడా పట్టని దారి. ఒకసారి చూసి రావాలని బాలశౌరి చాలాసార్లు అనుకున్నాడు. అనుకోవడంతోనే సరిపోయింది.

సొంతూరి మట్టిలోనే పెట్టమని మణెమ్మ కోరిందట. మర్నాడు పొద్దున వ్యాను గుడి ముందు ఆగింది. లూర్దమ్మ వెనకాలే ఆ ఆడమనిషి దిగింది.

బాలశౌరి లూర్దమ్మను పక్కకు పిలిచి ఆమె ఎవరని అడిగాడు. మా పక్కింటామె అని చెప్పి లూర్దమ్మ కళ్లు తుడుచుకుంది. నెలన్నరగా పెద్దమ్మ గుడి గుడి అని కలవరించిందట. టీవీలో పూజ పెడితే మొహం తిప్పేసుకునేదట, తన గుడే కావాలని. ఆమెను వదిలి లూర్దమ్మ కదలలేదు. ఇదంతా చూడలేక ఈ పక్కింటామే ఆదివారం మొదటి బస్సెక్కి వచ్చి, వీడియో కాల్‌లో పూజంతా చూపించేదట.

"మొన్న ఆశీర్వాదానికి ముందే ఆగిపోయింది మామా. సిలువ గుర్తు వేసుకుందామని పెద్దమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టుకొని అట్నే చానాసేపు ఉంది. గుడిలో కరెంటు పోయిందని ఈమె వచ్చి చెప్పింది. బుధవారం మాట పడిపోయే ముందు గూడా, గుడిలో కరెంటు వచ్చిందా అనే అడిగింది మామా."

బాలశౌరి ఛార్జరు పీకిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పి నలుగురిలో తిట్టించినా బాగుండేదని ఆయనకు అనిపించింది.

పూజయ్యాక పెట్టె సమాధుల దొడ్డిలోకి తీసుకుపోయారు. అందరూ లోపలికి వెళ్లారు. ఆమె ఒక్కతే గేటు బయట నిలబడిపోయింది. తన మీద కోపంతోనే రావడం లేదనుకున్నాడు బాలశౌరి. వెనక్కి వెళ్లి, అల్మరాలోంచి తెచ్చిన ఛార్జరు రెండు చేతులతో ఆమెకిచ్చాడు. అరవై దాటిన మనిషి, నలుగురూ చూస్తారని కూడా లేకుండా ఏడ్చాడు.

"తప్పయిందమ్మా. నా మీద కోపంతో బయట నిలబడమాక. మొదటి పిడికెడు మన్ను నువ్వే వెయ్యాలి, రా."

"కోపమేం లేదయ్యా. మా ఆడోళ్లం ఖబరస్తాన్‌లోకి పోము. ఇక్కణ్ణుంచే దువా చేసుకుంటా."

ఆమె రెండు అరచేతులూ పైకి తెరిచి కళ్లు మూసుకుంది.

తల మీద కొంగు చూసి తమ మనిషే అనుకొని, సత్ప్రసాదం తీసుకోలేదని బాలశౌరి కసిరి పంపింది, మణెమ్మ కోసం తప్ప ఎన్నడూ ఏ చర్చి గడపా తొక్కని మహమూదాను.